విరిగిన మణికట్టు, పోగొట్టుకున్న పన్నెండు రోజులు



కొన్ని నెలలుగా మా దగ్గర నుండి మీకు మాట అందలేదు. ఫోన్ చేసి అడిగినవారికి "అమ్మగారి చెయ్యి విరిగింది, ప్రార్థన చేయండి" అని చెప్పాము. అది నిజమే గాని సగం నిజం. మిగిలిన సగం చెప్పడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాము. మీలో ఒక్కరికైనా మేలు కలుగుతుందని ఈరోజు ఆ సగం కూడా చెబుతున్నాము.

మేము అంటే ఇద్దరం. సంఘం అయ్యగారు, అమ్మగారు అని పిలిచే దంపతులం. పల్నాటిలో ఒక చిన్న పల్లెలో ఇరవై ఆరేళ్లుగా పరిచర్య చేస్తున్నాము. ఈ మాటలు ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఒక్కో రోజూ గుర్తు చేసుకుంటూ రాస్తున్నాము. విరిగిన చెయ్యి అమ్మగారిది. ఆలస్యం మాత్రం ఇద్దరిదీ.

గత ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం. మరునాటి ఆరాధన కోసం అమ్మగారు మందిరం కడుగుతున్నారు. మా మందిరంలో పరిచినవి ఇక్కడి నాపరాళ్లే. ఎండాకాలం చల్లగా ఉంటాయి, తడిస్తే నూనె పోసినట్టు జారతాయి. బకెట్టు తీసుకుని గుమ్మం వైపు తిరగబోయి కాలు జారారు. పడేటప్పుడు ఎవరమైనా చేసేదే ఆమె కూడా చేశారు, కుడి అరచెయ్యి నేలకు ఆనించారు. ఒంటి బరువంతా ఆ చేతి మీద పడింది. చిన్న పుల్ల విరిగినట్టు చప్పుడు తనకే వినిపించిందట.

అయ్యగారు పరుగెత్తుకొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఉన్నారు. మణికట్టు పైన ఎత్తుగా లేచింది. పక్కనుండి చూస్తే బోర్లించిన ఫోర్కులా వంకర తిరిగి ఉంది. ఆ వంకర చూస్తే చిన్నపిల్లవాడైనా ఎముక విరిగిందని చెప్పేస్తాడు. మేము మాత్రం "బెణికిందిలే" అనుకున్నాము. అలా ఎందుకు అనుకున్నామో ఇప్పుడు తెలుసు. అలా అనుకోవాలని మాకు ఉంది, అంతే. తెల్లవారితే ఆదివారం. ఆరాధన ఉంది, బాప్తిస్మం ఉంది, ప్రేమవిందు ఉంది.

మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూసి, సూది వేసి, నొప్పి బిళ్లలు ఇచ్చాడు. "వాపు తగ్గాక చూద్దాం అమ్మగారూ" అన్నాడు. ఆ మాట మాకు ఎంతో హాయిగా అనిపించింది. ఆదివారం ఉదయం ఆమె చెయ్యి పమిటచెంగులో వేలాడదీసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. సంఘమంతా లేచి కన్నీళ్లతో ప్రార్థించారు. ఒక పెద్దావిడ కొబ్బరినూనె తెచ్చి మర్దన చేసింది. విరిగిన ఎముక మీద మర్దన చేయకూడదని అక్కడున్న నూట పాతిక మందిలో ఒక్కరికీ తెలియదు. మాకూ తెలియదు.

సోమవారం సంఘపెద్ద ఒకాయన ఆటో తెచ్చాడు. "పక్కూళ్లో కట్టు కట్టే ఆయన ఉన్నాడు అయ్యగారూ, మా అన్న కాలు ఆయనే అతికించాడు. ఆసుపత్రికి పోతే కోస్తారు, రాడ్లు వేస్తారు. ఎందుకు?" అన్నాడు. ప్రేమతో అన్న మాటే. మేము వెళ్లాము. కట్టు కట్టే ఆయన కూడా మంచివాడే, డబ్బు కోసం పట్టుబట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అమ్మగారు అరవకుండా పెదవి కొరుక్కున్నారు. గుడ్డుసొనలో ముంచిన గుడ్డ చుట్టి, నాలుగు వెదురు బద్దలు పెట్టి, బిగించి కట్టాడు. ఎక్స్‌రే అడగలేదు. మేమూ అడగలేదు.

ఆ రాత్రి నుండి వేళ్లు ఉబ్బడం మొదలైంది. కట్టు అంటే బిగుతుగానే ఉంటుంది కదా అనుకున్నాము. మంగళవారం వేళ్లలో తిమ్మిరి. బుధవారం రాత్రి నీళ్లు తాగుదామని లేచి లైటు వేస్తే, వేళ్ల కొసలు నీలంగా, చల్లగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల క్రితం పెళ్లిలో తొడిగిన ఉంగరం కండలో కూరుకుపోయి కనిపించడం లేదు. ఆ అర్ధరాత్రి మాకు మొదటిసారి భయం వేసింది.

మా సంఘంలోనే ఒక అమ్మాయి ఆశా కార్యకర్తగా చేస్తుంది. రాత్రి పన్నెండున్నరకు తలుపు కొడితే, లేచి కత్తెర తీసుకుని వచ్చింది. ఒక్క మాట కూడా అడగకుండా ఆ కట్టు నిలువునా కత్తిరించింది. "అమ్మగారూ, ఇంకో పూట ఆగితే చెయ్యే పోయేది. నన్ను మొదటిరోజే ఎందుకు పిలవలేదు?" అని ఏడ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఆ పిల్లకు బాప్తిస్మమిచ్చింది మేమే, ఆమె కోసం ప్రతిరోజూ ప్రార్థన చేసేదీ మేమే. దేవుడు మా గుమ్మానికి మూడిళ్ల అవతల పెట్టిన సహాయాన్ని మేము నాలుగు రోజులు తలుపు తట్టలేదు.

గట్టిగా బిగించిన కట్టు లోపల వాపు పెరిగితే రక్తం కిందికి దిగదు. కండరానికీ నరానికీ రక్తం అందకపోతే కొద్ది గంటల్లోనే అవి చచ్చిపోవడం మొదలవుతుంది. తర్వాత వేళ్లు గోళ్లలా ముడుచుకుపోయి ఉండిపోతాయి. కొందరికి చెయ్యి తీసేయవలసి వస్తుంది. ఇది మాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాకు తెలిసినదల్లా, కట్టు విప్పిన పావుగంటకు వేళ్లు మళ్లీ వెచ్చబడటం. ఇద్దరం ఆ వేళ్లు పట్టుకుని తెల్లవారే వరకు స్తోత్రం చెల్లించాము.

గురువారం పొద్దున్నే నరసరావుపేట వెళ్లాము. ఎక్స్‌రే తీశారు. చూసినాయన ఎముకల డాక్టరు కాదు, అయినా విరిగిందని వెంటనే చెప్పి, చేతి కింద సగం సిమెంటు కట్టు వేశారు. ఉంగరాన్ని చిన్న కట్టరుతో కత్తిరించారు. "ఇది తాత్కాలికం. రేపే ఎముకల స్పెషలిస్టుకు చూపించండి, ఆలస్యం చేయొద్దు" అని చీటీ మీద రాసి, ఆ మాట కింద రెండు గీతలు గీశారు.

ప్రియులారా, ఇక్కడి నుండి చెప్పేది మాకు అన్నిటికంటే కష్టం. ఇంతవరకు మాకు తెలియక తప్పు చేశాము. ఇక్కడి నుండి తెలిసి చేశాము.

శుక్రవారం నుండి ఆదివారం వరకు మా ఊళ్లో ఉజ్జీవ కూడికలు. ఆరు నెలల క్రితమే తేదీలు ఇచ్చాము. పందిరి వేశారు, మైకు సెట్టు వచ్చింది, దూరం నుండి ప్రసంగీకులు వచ్చారు. మూడు రాత్రులూ స్వస్థత కోసం ప్రార్థన ఉంది. స్వస్థత ప్రార్థన జరిగే చోట పాస్టరు భార్య ఎముకల ఆసుపత్రిలో కూర్చుంటే జనం ఏమనుకుంటారు? ఈ ప్రశ్న మాలో ఎవరూ పైకి అనలేదు. కానీ ఇద్దరి మనసులోనూ ఉంది. మూడు రాత్రులూ అమ్మగారు ఆ చేతితోనే పందిట్లో కూర్చున్నారు. దానికి మేము విశ్వాసం అని పేరు పెట్టుకున్నాము. అది విశ్వాసం కాదు, పరువు.

సోమవారం డబ్బు వెతుక్కున్నాము. మంగళవారం కూడా అదే పని. బుధవారం వానకు వాగు పొంగి బస్సు రాలేదు. గురువారానికి ఎముకల డాక్టరు ముందు కూర్చున్నాము. అది పడిన శనివారం నుండి లెక్కిస్తే పదమూడవ రోజు.

ఆ డాక్టరుగారు ముప్పై అయిదేళ్ల వయసువారు. ఎక్స్‌రేను లైటు ముందు పెట్టి మాకు అర్థమయ్యేలా చెప్పారు. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయట. బొటనవేలి వైపు ఉన్న ఎముక మణికట్టు దగ్గర విరిగి, విరిగిన ముక్క వెనక్కి వంగిపోయింది. చెయ్యి ఆనించి పడినవారికి, అందులోనూ యాభై దాటిన ఆడవాళ్లకు ఎక్కువగా విరిగేది ఇదేనట. డబ్లిన్ నగరంలో అబ్రహాం కాలీస్ అనే సర్జను 1814లోనే, ఎక్స్‌రేలు లేని రోజుల్లో, దీని గురించి రాశాడట. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

"మొదటి వారంలో వస్తే మత్తిచ్చి, లాగి సరిచేసి, సిమెంటు కట్టు వేసి చూసేవాళ్లం. దానితో సరిపోయేదేమో. ఇప్పుడు ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలైంది. అతుక్కున్నది విడదీసి, సరిగ్గా కూర్చి, ప్లేటు వేయాలి" అన్నారు.

"అతుక్కుంటోంది కదండీ, అలాగే వదిలేస్తే?" అని అడిగాము.

"ఎముకకు మంచీ చెడూ తెలియదమ్మా. దానికి తెలిసింది అతుక్కోవడమే. సరిగ్గా పెడితే సరిగ్గా అతుక్కుంటుంది, వంకరగా పెడితే వంకరగా అతుక్కుంటుంది. కాకపోతే రెండు మూడు వారాలు దాటాక మన మాట వినదు."

అయ్యగారు తల దించుకుని, "పాస్టర్లమండీ. ప్రార్థన చేస్తూ ఆగాము" అన్నారు.

ఆ డాక్టరుగారు మన విశ్వాసం కలవారు కాదు. అయినా ఎగతాళి చేయలేదు. "ప్రార్థన వల్ల ఆలస్యం కాలేదు పాస్టరుగారూ. ప్రార్థన బస్సులో కూడా చేసుకోవచ్చు కదండీ" అన్నారు.

ఎన్నో కూడికల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఆ ఒక్క మాట మమ్మల్ని గద్దించినట్టు ఏ ప్రసంగమూ గద్దించలేదు.

డబ్బు గురించి మేము పడిన బెంగ కూడా చాలావరకు అనవసరమే అని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్య సేవ. దానిలో చేరిన ఆసుపత్రుల్లో దానికోసమే ఒకరు బల్ల వేసుకుని కూర్చుంటారు. కార్డు చూపించి అడిగితే మన జబ్బుకు వర్తిస్తుందో లేదో వారే చూసి చెబుతారు. మా సంగతిలో మరునాటికే అనుమతి వచ్చింది. సోమ, మంగళవారాలు ఊళ్లో చేబదులు కోసం తిరిగిన మేము, ఆ రెండు రోజుల్లో ఒక్క పూట వచ్చి అడిగి ఉంటే సరిపోయేది.

శనివారం, అంటే పడిన సరిగ్గా రెండు వారాలకు, ఆపరేషను జరిగింది. చేతి వరకే మత్తిచ్చారు. మెలకువగా ఉన్న అమ్మగారు లోపల కీర్తన పాడుకుంటుంటే నర్సు ఒకామె కూడా మెల్లగా గొంతు కలిపిందట. మరునాటి నుండే వేళ్లు కదిలించమన్నారు. కుట్లు విప్పాక గోరువెచ్చని నీళ్లలో మణికట్టు ఆడించడం, చపాతీ పిండి ముద్ద నొక్కడం, ఇవన్నీ రోజుకు ఇన్నిసార్లని రాసిచ్చారు. ఆపరేషను కంటే ఇదే ఎక్కువ కష్టం. సంఘం ఇచ్చే కానుకతో మా ఇంట్లో బియ్యమూ కరెంటు బిల్లూ గడుస్తాయి. అబ్బాయి కాలేజీ ఫీజు మాత్రం అమ్మగారి కుట్టుమిషను నుండే వస్తుంది. అది నాలుగున్నర నెలలు మూలన ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంచితే, ఇంట్లో ఎవరో పడుకుని ఉన్నట్టు అనిపించేది.

ఆ నెలల్లో ఇద్దరం వాక్యం కొత్తగా చదివాము. ఊచచెయ్యి గలవాని సంగతి మీకు తెలుసు. మత్తయి రాశాడు, మార్కు రాశాడు, లూకా రాశాడు. ముగ్గురిలో ఆ చెయ్యి కుడిచెయ్యి అని చెప్పినవాడు లూకా ఒక్కడే. లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పాడు. ఇన్నేళ్లుగా ఆ భాగం ప్రసంగిస్తున్నాము గాని ఏ చెయ్యి అన్నది మాకు ఎప్పుడూ పట్టలేదు. కుడిచేత్తో అన్నం కలుపుకోలేక, ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే సగం ఒలికిపోయే మనిషిని రోజూ పక్కన కూర్చుని చూశాక, లూకా ఆ మాట ఎందుకు రాశాడో అర్థమైంది. వైద్యుడు కాబట్టి ఏ చెయ్యి అని చూశాడు. ఆ మనిషి బ్రతుకుతెరువు ఆ చేతిలో ఉందని అతనికి తెలుసు.

మరో సంగతి. పద్దెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు విశ్రాంతిదినాన బాగుచేస్తే, సమాజమందిరపు అధికారికి కోపం వచ్చింది. పని చేయడానికి ఆరు రోజులున్నాయి కదా, ఆ రోజుల్లో వచ్చి బాగుపడమని అతని వాదన. నిజానికి పద్దెనిమిదేళ్లు ఆగిన ఆమె ఇంకొక్క రోజు ఆగలేదా? ఆగగలదు. కానీ ప్రభువు ఆమెను ఆగమనలేదు. కూడిక ముగిశాక చూద్దాం అనలేదు. మేము మాత్రం మూడు రాత్రుల కూడిక కోసం విరిగిన చేతిని ఆపాము. ఆ అధికారి స్థానంలో మేము నిలబడ్డామని గ్రహించిన రోజు, ఆ అధ్యాయం చదవడం ఆపేసి చాలాసేపు మౌనంగా కూర్చున్నాము.

మంచి సమరయుని ఉపమానంలోనూ అంతే. అతడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. కట్టి అక్కడే దారిలో వదిలిపోలేదు. తన పశువు మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, మరునాడు రెండు దేనారములు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. కట్టు కట్టడం సగం పని, చేరవలసిన చోటికి చేర్చడం మిగతా సగం. హిజ్కియా రాజు ప్రార్థన విని ఆయుష్షు పొడిగించిన దేవుడే, యెషయా ద్వారా అంజూరపు ముద్ద పుండు మీద పెట్టించాడు. ప్రార్థనా వైద్యమూ ఒకే గదిలో ఉన్నాయి అక్కడ. వాటికి గొడవ పెట్టింది మనమే.

మన పెద్దలకు ఈ గొడవ లేదు. 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సువార్తనూ మందులపెట్టెనూ కలిపే తెచ్చారు. మన పక్క రాష్ట్రంలో మిషనరీ దంపతులకు పుట్టి, కొల్లి కొండల్లో పెరిగిన డాక్టర్ పాల్ బ్రాండ్ వేలూరు ఆసుపత్రిలో కుష్ఠురోగుల ముడుచుకుపోయిన చేతులకు ఆపరేషన్లు చేసి వేళ్లు విప్పారు. ఆ రోగుల చేతులు అంతగా పాడైపోవడానికి పెద్ద కారణం వారికి నొప్పి తెలియకపోవడమే అని ఆయన గ్రహించి, నొప్పి దేవుడిచ్చిన వరమని చెప్పేవారు. మాకు ఆ వరం మొదటి నిమిషంలోనే అందింది. బిళ్ల వేసి దాని నోరు మూశాము.

ఇక సంక్రాంతి తర్వాత జరిగినది చెప్పి ముగిస్తాము.

మా సంఘంలో పందొమ్మిదేళ్ల కుర్రవాడు కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతున్నాడు. సాయంత్రం బండి మీద నుండి జారి చెయ్యి ఆనించి పడ్డాడు. పెద్దగా వాపు లేదు, వంకర లేదు. బొటనవేలు చాపితే దాని మొదట్లో పడే చిన్న గుంటలో నొక్కితే మాత్రం నొప్పి. "ఏం కాలేదు అయ్యగారూ, బెణికింది" అన్నాడు. ఆ మాట వినగానే మేము ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. వాడి వేలి ఉంగరం అక్కడికక్కడే సబ్బు రాసి తీయించాము. తువ్వాలుతో చెయ్యి మెడకు వేలాడగట్టి, ఆటోలో ఎక్కించాము. ప్రార్థన ఆటోలోనే చేశాము. పడిన మూడు గంటలకు ఎముకల డాక్టరు ముందు ఉన్నాము.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. అయినా ఆయన కట్టు వేశారు. మణికట్టులో పడవ ఆకారంలో చిన్న ఎముక ఒకటి ఉందట. అది విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలేనట. దానికి రక్తం చాలావరకు వేళ్ల వైపు కొస నుండి వెనక్కి ప్రవహిస్తుంది. అందువల్ల మధ్యలో విరిగితే వెనక ముక్కకు రక్తం అందక ఎండిపోవచ్చు. పట్టించుకోకుండా వదిలేస్తే అది అతుక్కోదు, కొన్నేళ్లకు మణికట్టే అరిగిపోతుంది. "విరగలేదని తేలేవరకు విరిగినట్టే చూస్తాం. రెండు వారాలకు మళ్లీ రండి" అన్నారు.

రెండు వారాలకు వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. మిర్చి కోతల రోజులు. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అయ్యగారూ. నొప్పి కూడా తగ్గిందంటున్నాడు. ఒక కూలి రోజు పోగొట్టుకుని మళ్లీ ఎందుకు?" అన్నాడు. పూర్వమైతే "సరే, ప్రార్థన చేద్దాం" అని ఊరుకునేవాళ్లం. ఈసారి అమ్మగారు మాట్లాడలేదు. తన కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పడానికి ప్రయత్నించి చూపించారు. అది ముప్పావు వంతు తిరిగి ఆగిపోయింది. "అన్నా, ఇక్కడ ఆగిపోయింది మా పన్నెండు రోజులు" అన్నారు. ఆయన మారుమాట లేకుండా చొక్కా తొడుక్కున్నాడు.

రెండో ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత కనిపించింది. కట్టు ఉంచారు. పది వారాలకు అతుక్కుంది. ఇప్పుడు వాడు రోజూ పొద్దున మా మందిరం వెనక బస్కీలు తీస్తున్నాడు.

ప్రియులారా, ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎవరైనా చెయ్యి ఆనించి పడితే, దయచేసి ఇవి గుర్తుంచుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ మొదటి నిమిషాల్లోనే తీసేయండి, వాపు వచ్చాక రావు. మర్దన చేయవద్దు, లాగవద్దు. కదలకుండా అట్టముక్కో మడిచిన పత్రికో కింద పెట్టి వదులుగా కట్టి, చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉంచండి. ఐసు పెడితే గుడ్డలో చుట్టి పెట్టండి. ఆ రోజే, లేదా మరునాడే ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరుకు చూపించండి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేలు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, చర్మం చీలి గాయమైనా తెల్లవారే వరకు ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. ఇప్పటికే బిగుతు కట్టు ఉంటే వెంటనే వదులు చేయండి.

డాక్టరును మూడు మాటలు అడగండి: ఎముక పక్కకు జరిగిందా? విరుగుడు కీలు లోపలికి వెళ్లిందా? మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు? కట్టు వేశాక కూడా మొదటి వారాల్లో ఎముక లోపల జరగవచ్చు, అందుకే మళ్లీ చూడాలి. యాభై దాటిన అక్కలు చిన్నగా జారి పడినందుకే మణికట్టు విరిగితే, ఎముకల బలం గురించి కూడా అడగండి. రేపు తుంటి విరగకుండా ఈరోజే దేవుడిచ్చిన హెచ్చరిక అది.

ఆ పన్నెండు రోజులను మేము ఒక కాగితం మీద రాసుకున్నాము. రెండు రోజులు ఆరాధన పేరుతో పోయాయి. మూడు రోజులు నాటుకట్టులో. ఒకరోజు ఎక్స్‌రేకు. మూడు రోజులు పరువు కోసం. మూడు రోజులు డబ్బు బెంగలో, వానలో. వానది ఒక్కరోజే. మిగతావన్నీ మావే. కట్టు కట్టిన ఆయన మీదా ఆర్‌ఎంపీ మీదా కోపం పెట్టుకోలేదు. వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లింది మేమే.

మనసులు కూడా ఎముకల వంటివే అని ఆ కాగితం చూసినప్పుడు అనిపిస్తుంది. అన్నదమ్ముల మధ్య మాట విరిగినప్పుడు "కొన్నాళ్లు పోతే అదే సర్దుకుంటుంది" అంటాము. సర్దుకుంటుంది, వంకరగా. తర్వాత సరిచేయాలంటే అతుక్కున్నది మళ్లీ విడదీయాలి. మొదటి వారంలోనే వెళ్లి మాట్లాడితే ఇంత నొప్పి ఉండదు.

మొన్న ఈస్టరు ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర అమ్మగారు కుడిచెయ్యి చాపారు. అరచెయ్యి పూర్తిగా పైకి తిరగలేదు, పక్కకు వాలి ఉంది. రొట్టె జారిపోకుండా కింద ఎడమచెయ్యి ఆసరా పెట్టారు. రొట్టె ఇస్తున్న అయ్యగారి చెయ్యి వణికింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు. ప్రభువు ఆ వాలిన చేతిలోనూ రొట్టె పెట్టాడు. అది ఆయన కృప. చెయ్యి వాలింది మాత్రం మా ఆలస్యం వల్ల. ఈ రెండూ నిజాలే, ఒకదానితో మరొకదాన్ని కప్పిపుచ్చుకోము.

ప్రార్థన చేద్దాం. కృపగల తండ్రీ, మా ఎముకలను కూర్చినవాడవు నీవే, వాటి లెక్క ఎరిగినవాడవు నీవే. ఆసుపత్రుల్లో రాత్రింబగళ్లు పనిచేసే నీ పిల్లలను, నిన్ను ఎరుగకపోయినా నీ పని చేస్తున్నవారిని దీవించుము. మా పల్లెల్లోని ఆశా అక్కచెల్లెళ్లను బలపరచుము. ప్రార్థించే మోకాళ్లతో పాటు లేచి వెళ్లే కాళ్లను కూడా మాకు ఇమ్ము. పరువు కోసం ఎవరి నొప్పినీ ఆపి ఉంచకుండా మమ్మును కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ ప్రార్థనలలో మమ్మును జ్ఞాపకం చేసుకొనండి. కుట్టుమిషను మీద గుడ్డ తీసేశాము. ఈ వారం అమ్మగారు కుట్టినది సండేస్కూలు పిల్లకు ఒక చిన్న గౌను. చేతి కుట్టు ఒకచోట కాస్త వంకరపోయింది. ఆ పాప మాత్రం చూసుకోనేలేదు, వేసుకుని మందిరం చుట్టూ మూడుసార్లు పరుగెత్తింది.